జన్మమా, దీక్షయా? యూదధర్మమును గూర్చిన ఒక విచారణ



ఒక మనుష్యుడు ఫలానా ధర్మమునకు చెందినవాడని దేనినిబట్టి నిర్ణయింపవలెను? తల్లిదండ్రులను బట్టియా, దీక్షను బట్టియా, లేక అతడు అనుదినము సాగించు ఆచారమును బట్టియా? ఈ ప్రశ్న పైకి తేలికగా కనిపించును. మన యిండ్లలో పెండ్లిసంబంధములు చూచునప్పుడు దీని బరువు తెలియును. దిల్‌సుఖ్‌నగరు, కొత్తపేట, ఎల్.బి.నగరు ప్రాంతములలో స్థిరపడిన మన కుటుంబములు పలు జిల్లాలనుండి వచ్చినవి. ఒకే మఠమునకు పోవుదురు, ఒకే బసవజయంతి జరుపుకొందురు. పిల్ల నిచ్చుట, తెచ్చుకొనుట యను మాట వచ్చినచో మాత్రము జంగములా, బలిజలా, గాండ్లవారా యని విచారింతురు. మెడలో లింగమున్నది గదా యని ఎవ్వరును సరిపెట్టుకొనరు.

మన ప్రశ్నను మనలోనే త్రిప్పుకొనుచున్న మేర తీర్పు మనకు అనుకూలముగానే వచ్చుచుండును. కావున ఇదే చిక్కును మరియొక ధర్మము ఎట్లు ఎదుర్కొన్నదో చూడదలచితిని. అందుకు యూదధర్మమును ఎన్నుకొనుటకు కారణము తెలుగుగడ్డమీదనే యున్నది. గుంటూరు జిల్లాలో చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెమను గ్రామమున 1991లో ఒక యూదప్రార్థనామందిరము వెలసినది. దానిని నెలకొల్పినవారు తమ్ము బెనె ఎఫ్రాయిము, అనగా ఎఫ్రాయిము సంతతివారు, అని చెప్పుకొందురు. తెలుగే వారి మాతృభాష. పెక్కుమంది పొలములలో కూలిపని చేసి బ్రదుకువారు. మాదిగ కులమున జన్మించినవారు. వీరు యూదులా, కాదా యను ప్రశ్నకు అందరును అంగీకరించిన సమాధానము నేటికిని లేదు.

ఆ సమాధానమును వెదకుటకు ముందు యూదధర్మమనగా నేమో కొంత తెలియవలెను. మన నగరమునకు ఈ ధర్మము బొత్తిగా క్రొత్తది కాదు. గోలకొండ వజ్రములకొరకు 17వ శతాబ్దమున మదరాసు కోటలో పోర్చుగీసు సంతతి యూదవర్తకులు కాపురముండిరి. అదే శతాబ్దమున, 1647లో, దబిస్తాన్ అను పారశీక గ్రంథమును వ్రాసిన పండితుడు హైదరాబాదునకు వచ్చి సర్మద్ అను ఫకీరుతో స్నేహము చేసెను. సర్మద్ పుట్టుకచే యూదుడు, కాషాను పట్టణపు వాడు, రబ్బీలనబడు యూదగురువులవద్ద చదివినవాడు, అటుపిమ్మట మహమ్మదీయుడైనవాడు. దబిస్తానులోని యూదమత ప్రకరణము ఆయన చెప్పిన సంగతులమీద ఆధారపడినది. ఆయన శిష్యుడు అభయచందు తోరా ప్రారంభభాగమును పారశీకమునకు మార్చగా అదియును ఆ గ్రంథమున చేరినది. సర్మదును ఔరంగజేబు కాలమున ఢిల్లీలో శిరచ్ఛేదము చేసిరి. జుమ్మా మసీదు ప్రక్కన ఆయన సమాధి నేటికిని కలదు. యూదుడో, ముసల్మానో, దిగంబర అవధూతయో తేల్చుకొనలేని మనిషి ఒకడు మన నగరవీధులలో యూదధర్మమును బోధించెనన్నమాట! మన ప్రశ్న ఎంత పాతదో దీనినిబట్టి తెలియుచున్నది.

యూదులకు దేవుడొక్కడే. ఆయనకు రూపము లేదు, ప్రతిమ చేయరాదు. మన యిష్టలింగమును వారు చూచినచో ఒప్పుకొందురా యని ఒకరిద్దరు మిత్రులు నన్నడిగిరి. ఒప్పుకొనరు. ఇష్టలింగము ప్రతిమ కాదనియు, నిరాకారమునకు కురుహు మాత్రమే యనియు మనము చెప్పుదుము. వారు మర్యాదగా విని తల యడ్డముగా నూపుదురు. రెండు ధర్మములును ఒకటేయని చెప్పి సంతోషపెట్టుట నా యుద్దేశ్యము కాదు.

ఆ దేవుడు అబ్రాహాముతోను, అటుపిమ్మట సీనాయి పర్వతమున మోషే ద్వారా ఇశ్రాయేలు జనులందరితోను ఒక నిబంధన చేసికొనెనని వారి విశ్వాసము. ఆ నిబంధనలోని ఆజ్ఞలు 613 అని పూర్వులు లెక్కించిరి. చేయవలసినవి 248, చేయరానివి 365. క్రీస్తుశకము 70లో రోమనులు యెరూషలేములోని దేవాలయమును ధ్వంసము చేసినప్పటినుండి బలులు, యాగములు ఆగిపోయినవి. నాటినుండి ప్రార్థన, అధ్యయనము, గృహాచారము అను మూడే ఆ ధర్మమును మోయుచున్నవి. స్థావరమైన గుడి కూలిపోయినను జంగమమైన ధర్మము నిలిచినదన్నచో మన పాఠకులకు వేరుగా వివరింప బనిలేదు.

వారిలో పురుషశిశువునకు ఎనిమిదవనాడు సున్నతి చేయుదురు. పదుమూడేండ్లు నిండిన బాలుడు ఆజ్ఞలకు తానే బాధ్యుడగును. సామూహిక ప్రార్థనకు పదిమంది యుండవలెను. ఉదయపు ప్రార్థనలో రెండు చిన్న తోలుపెట్టెలను తోలుపట్టీలతో ఒకటి చేతికి, ఒకటి నుదుటికి కట్టుకొందురు. వానిలో దేవుని ఏకత్వమును చాటు వాక్యములు వ్రాసిన చర్మపత్రములుండును. అట్టి వాక్యములనే ద్వారబంధమునకును బిగింతురు. దేహముమీద ధరించిన చిహ్నమే దేవుని జ్ఞప్తికి దెచ్చుననుట మనకు పరిచితమైన భావమే. భోజననియమములు కఠినములు. చీలినగిట్టలు గలిగి నెమరువేయు జంతువుల మాంసమునే, పొలుసులును రెక్కలును గల చేపలనే తినుదురు. మాంసమును పాలను కలుపరు. ఏడాదికొకమారు ప్రాయశ్చిత్తదినమున ఒక సాయంకాలమునుండి మరుసటిదినము చీకటిపడు వరకు అన్నపానములు ముట్టరు. అంతకుముందు తాము నొప్పించిన మనుష్యుల కడకు పోయి క్షమాపణ వేడవలెను. మనిషిపట్ల చేసిన తప్పు ఆ మనిషి క్షమింపక తీరదని వారి మతము.

తోలుమాట వచ్చినది గనుక ఇంకొకటి చెప్పవలెను. వారికి పరమపవిత్రమైన తోరా గ్రంథమును శుద్ధజంతువు చర్మముమీదనే చేతితో వ్రాయవలెను. చర్మకారుడు లేనిదే ఆ ధర్మము లేదు. తోళ్లు ఊనువాని పనిని దుర్గంధమువలన తక్కువగా జూచిన మాటలు వారి గ్రంథములలోను గలవు. అయినను రెండవ శతాబ్దమునందలి వారి ఆచార్యులలో ఒకడు చెప్పులుకుట్టు యోహానాను. పేరుతోబాటు ఆ వృత్తినామమునే శిష్యులు గౌరవముగా నిలిపిరి. మన డోహర కక్కయ్యను, మాదార చెన్నయ్యను, సమగార హరళయ్యను కాయకనామముతోనే స్మరించుట గుర్తురాక మానదు.

ఇక విశ్రాంతిదినము. శుక్రవారము సూర్యాస్తమయమునకు ముందు గృహిణి దీపములు వెలిగించుటతో అది ప్రారంభమై శనివారము నక్షత్రములు కనబడు వరకు సాగును. ఆ కాలమున చేయరాని పనులు ముప్పదితొమ్మిది తెగలు. దున్నుట, విత్తుట, వండుట, నిప్పు రాజేయుట, కుట్టుట, వ్రాయుట, ముడివేయుట మొదలైనవి అందు చేరును. మొదట చదివినప్పుడు నాకిది మన కాయకసిద్ధాంతమునకు పూర్తిగా ఎదురని తోచినది. నులియ చందయ్య గడ్డికోయుచుండగా ఇష్టలింగము నీటబడెను. ఆయన దానికొరకు ఆగక కాయకము సాగించెనని మనము భక్తితో చెప్పుకొందుము. యూదుడైనచో ఆనాడు శనివారమా యని అడుగును!

మరికొంత ఆలోచింపగా ఎదురు లేదని తెలిసినది. ఆరు దినములు పనిచేయుటయు ఆజ్ఞలోని భాగమే. ఏడవనాటి విశ్రాంతి యజమానికి మాత్రమే కాదు. దాసునికి, దాసికి, ఊరిలోనున్న పరదేశికి, ఎద్దుకు, గాడిదకు గూడ ఆ హక్కు చెప్పబడినది. ఈజిప్టులో తాము దాసులైయుండిన సంగతిని మరువకుండుటకే ఈ దినమని మోషేకాండములలో కారణము గూడ చూపబడినది. కాయకము ఒకడు తన దేహముతో చేయు పూజ. దానిని మరియొకనిచేత విరామములేక చేయించుట పూజ యగునా? దిల్‌సుఖ్‌నగరు బజారులో వస్త్రశాలలు పండుగలనాడును తెరచియుండును. ఉదయమునుండి రాత్రివరకు నిలువుకాళ్లమీద చీరలు విప్పి చూపు పిల్లలు కూర్చుండుటకు పీట యుండదు. అట్టి దుకాణముల యజమానులలో మనవారును గలరు. కాయకమును గూర్చి మఠములలో ఉపన్యాసములు విన్నవారే. యూదుల ఈ ఒక్క ఆజ్ఞను వారు మన సిద్ధాంతమునకు వ్యాఖ్యానముగా చదువుకొన్నను బాగుండును.

ఆచారమింత ప్రధానమైన ధర్మమున ఆచరించువాడే యూదుడని చెప్పవలసి యుండును గదా? అట్లు చెప్పలేదు. యూదశాస్త్రము ప్రకారము యూదస్త్రీకి పుట్టినవాడు యూదుడు, ఆచరింపకపోయినను యూదుడే. పుట్టనివాడు చేరదలచినచో చదువుకొని, ముగ్గురు పెద్దల న్యాయసభ యెదుట నిలిచి, పురుషుడైనచో సున్నతి చేయించుకొని, తీర్థమున మునుగవలెను. వారు ఇతరులను పిలువరు. వచ్చినవానిని మొదట వారించుటయు వారి సంప్రదాయమే. ఒకసారి లోనికి వచ్చినవాడు మాత్రము అబ్రాహాము కుమారుడనబడును. అతని పూర్వస్థితిని ఎత్తిచూపి నొప్పించుట పాపమని గురువులు శాసించిరి. దావీదు మహారాజు ముత్తవ్వ రూతు మోయాబు దేశపు పరస్త్రీ. అత్తవెంట నడచివచ్చి యూదురాలైనది.

అయినను మనస్సులోని గీత అంత తేలికగా చెరుగలేదు. 12వ శతాబ్దమున, మన కల్యాణమున అనుభవమంటపము నడచుచున్న శతాబ్దముననే, వారి మహాపండితులిద్దరు దీనిపై భిన్నముగా పలికిరి. స్పెయినుదేశపు మహాకవి యూదా హలేవి 1141లో మరణించెను. యూదధర్మము స్వీకరించిన ఖజరు రాజును నాయకునిగా జేసి ఆయన ఒక తత్త్వగ్రంథము వ్రాసెను. ఆ గ్రంథములోనే, చేరినవాడు శ్రేష్ఠుడైనను పుట్టినవానితో సమానుడు కాడనియు, ప్రవక్తృత్వము పుట్టినవారికేననియు చెప్పెను. రెండవవాడు మైమొనిదీసు. స్పెయినున పుట్టి, ఈజిప్టున వైద్యవృత్తితో జీవించి, 1204లో గతించెను. ఆయనకు ఓబద్యా యను నవదీక్షితుడు లేఖ వ్రాసెను. మా పితరుల దేవా యని ప్రార్థనలో వచ్చుచోట నా పితరులు యూదులు కారు గదా, ఆ మాట నేను పలుకవచ్చునా యని అతని సందేహము. పలుకవచ్చును, ఒక్క అక్షరము మార్చవలదు, అబ్రాహాము తన మార్గమున నడచిన వారందరికిని తండ్రియే, నీ పుట్టుకను తక్కువగా నెంచుకొనవలదు అని మైమొనిదీసు ఉత్తరము సారాంశము. మరియొక ప్రశ్నపై ఈ ఓబద్యాను అతని గురువు మూర్ఖుడని తిట్టెనట. నవదీక్షితుని నొప్పించినందుకు ఆ గురువే శిష్యుని క్షమాపణ వేడవలెనని మైమొనిదీసు వ్రాసెను. ఉపాధ్యాయవృత్తిలో ఏండ్లు గడపినవాడనగుటచే ఈ భాగమును రెండుమార్లు చదివితిని.

మన తెలుగు వీరశైవమునకును ఇట్టి జంట కలదు. బసవేశ్వరుడు బ్రాహ్మణ్యమును విడిచి, మాదార చెన్నయ్యకు కొడుకునని చెప్పుకొనుటయే గౌరవముగా భావించెను. చందవోలులో వాదము సాగించిన మల్లికార్జున పండితారాధ్యుడు బసవని భక్తికి మనసిచ్చియు తన పుట్టుకను వదలుకొనజాలనైతినని విన్నవించుకొన్నట్లు ప్రసిద్ధి. లింగమును జందెమును రెండును ధరించు ఆరాధ్యుల సంప్రదాయము అటనుండియే వచ్చినది. పాల్కురికి సోమనాథుడు ఇరువురి చరిత్రములను వ్రాసి ఇరువురకును నమస్కరించెను. కవికి అది చెల్లును. మనము మాత్రము సంబంధము చూచునాడు ఇద్దరిలో నొకరి వెంటనే నడువగలము.

ఇప్పుడు కొత్తరెడ్డిపాలెమునకు మరలుదము. అక్కడి సమాజమునకు నాయకులైన షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి సోదరులు. వారి పెద్దలు, అక్కడి పెక్కు కుటుంబములవలెనే, క్రైస్తవము స్వీకరించినవారు. తాము క్రీస్తుపూర్వము 8వ శతాబ్దమున అస్సీరియనులచే చెల్లాచెదురైన ఉత్తర ఇశ్రాయేలు గోత్రములలోని ఎఫ్రాయిమువారమనియు, దేశదేశములు తిరిగి తెలుగుసీమకు చేరితిమనియు వారి వాదము. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు వీరినిగూర్చి 2013లో ఒక గ్రంథము ప్రకటించిరి. హీబ్రూ ప్రార్థనలు నేర్చుకొనుట, శనివారము పాటించుట, యూదపండుగలు జరుపుట వీరి నిత్యజీవనమున భాగములు. విదేశీయూదులు వచ్చి వీరికి బోధించిపోయిన సందర్భములును గలవు.

రెండువేల యేడువందల యేండ్లనాటి వంశవృక్షము నాకు నమ్మదగినదిగా తోచదు. పేర్ల పోలికలనుబట్టి చరిత్ర కట్టుట మనవారికిని అలవాటే. దానిని నేనెన్నడును మెచ్చుకొనలేదు. కాని ఆ వాదము వారెందుకు చేయవలసివచ్చినదో చూడవలెను. ఇశ్రాయేలు దేశపు 1950 నాటి ప్రత్యాగమన చట్టము యూదులకు ఆ దేశమున స్థిరపడు హక్కు నిచ్చెను. 1970 సవరణ యూదుడనగా యూదమాత సంతానమో, మతము స్వీకరించినవాడో యని నిర్వచించెను. మిజోరము, మణిపురములనుండి బెనె మెనాషె యను సమూహమువారును ఇట్టి గోత్రవాదముతోనే బయలుదేరిరి. 2005లో అక్కడి ప్రధానగురువొకరు వారిని ఇశ్రాయేలు సంతతిగా గుర్తించెను. ఆ పిమ్మట దీక్ష పొంది వేలమంది వలసపోయిరి. తెలుగువారికి అట్టి గుర్తింపు లభింపలేదు. రక్తము అడుగు తలుపు ముందర నిలిచినవాడు రక్తమునే సాక్ష్యముగా చూపును. పుట్టుక పేరిట యుగములుగా ఊరి వెలుపల నుంచబడినవారు మరల పుట్టుకనే శరణుజొచ్చుట నాకు బాధ కలిగించినది.

స్వదేశమున గూడ వారి త్రోవ ముండ్లబాటయే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల హక్కును మొదట హిందువులకే చెప్పినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. యూదుడని కాగితముమీద వ్రాయించుకొన్న మాదిగకు ఆ హక్కు లేదు. మనస్సాక్షి ఒక పేరు చెప్పును, బిడ్డ చదువునకు కావలసిన ధ్రువపత్రము వేరొక పేరడుగును. ఆ యింటి తండ్రి దేనిని వ్రాయించవలెను?

యూదులలోనే జాతిభేదము లేదనుకొనుటయు పొరబాటు. భారతదేశపు గాలి వారికిని సోకినది. కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి ప్రార్థనామందిరమున, పూర్వము బానిసలై విముక్తులైనవారి సంతతిని సమానముగా కూర్చుండనిచ్చెడివారు కారు. వారిలో పుట్టిన న్యాయవాది ఎ.బి. సేలం గాంధీజీ మార్గమున ఆ మందిరముననే సత్యాగ్రహము చేసి ఆ గోడను కదలించెను. కొంకణపు బెనె ఇస్రాయేలువారు నూనెగానుగ త్రిప్పుచు శనివారము గానుగ ఆపెడివారు. అందుచే ఊరివారు వారిని శనివారపు తేలీలనిరి. ఇట్లు శతాబ్దములు నియమము కాపాడినవారి వివాహములను గూడ 1960ల ఆరంభమున ఇశ్రాయేలు మతపెద్దలు శంకించిరి. నిరసనలు చెలరేగగా 1964లో వారు సంపూర్ణ యూదులేయని ఒప్పుకొనవలసివచ్చెను.

ఇంతమాత్రముచే యూదులను నిందించుట నా తాత్పర్యము కాదు. దేశములేక, రాజులేక, పందొమ్మిది వందల యేండ్లు పరుల నడుమ నలిగిన జనము వారు. గత మహాయుద్ధకాలమున అరువది లక్షలమందిని హిట్లరు ప్రభుత్వము హతమార్చినది. అట్టివారు ఇల్లు, తల్లి, వంశము అను కంచెలను గట్టిగా పట్టుకొనుటలో ఆశ్చర్యమేమి? తలుపు బార్లా తెరచినచో ఇల్లు మిగులునా యను భయము వారికి నిజమైన భయము. నగరమున కొద్దిమందిమి గల మనకును ఆ భయమున్నది. పిల్లలు చదువులకు అమెరికా పోవుచున్నారు, లింగము పూజాపెట్టెలో నిదురించుచున్నది, పెండ్లిసంబంధమైనను మనలో చేయకున్నచో మిగులునదేమి యని పెద్దలు అడుగుచున్నారు.

ఆ ప్రశ్నకు నా సమాధానమిది. లింగమును పెట్టెలో దాచినవాడు పుట్టుకచే మనవాడే, వానివలన ధర్మము నిలువదు. కొత్తరెడ్డిపాలెములో శనివారపు కూలి వదలుకొను మనిషి పుట్టుకచే యూదుడగునో కాదో నేనెరుగను, ధర్మమునకు అతడు చెల్లించుచున్న వెల మాత్రము కంటికి కనబడుచున్నది. మైమొనిదీసు అతనికి ఏమని ఉత్తరము వ్రాసియుండెడివాడో ఊహించుట కష్టము కాదు.

మనకు వచ్చు పరీక్ష ఇంకను దగ్గరది. దిల్‌సుఖ్‌నగరు బస్సు డిపో చెంత చెప్పులు కుట్టువాడొకడు మఠమునకు వచ్చి దీక్ష కోరెననుకొనుడు. స్వామివారు దీక్ష నిత్తురు, మనము పాదోదకప్రసాదములు పంచుకొందుము, ఛాయాచిత్రము గూడ తీయింతుము. ఇరువదియేండ్ల పిమ్మట త్రికాలము లింగపూజ చేయు అతని కుమారుడు మన పిల్లను అడిగినచో? హరళయ్య కొడుకునకు మధువరసు తన కూతునిచ్చినాడు. అందుకు బిజ్జలుడు ఇద్దరి కన్నులను పెరికించెనని కొందరు, ఏనుగు కాలికి కట్టి ఈడ్పించెనని కొందరు చెప్పుదురు. కల్యాణము కూలినది ఆ పెండ్లివలననే. మధువరసు పేరు చెప్పుకొని మనము ఎనిమిది వందల యేండ్లుగా గర్వించుచున్నాము. అతని వియ్యమును అనుకరించినవారు మనలో ఎందరు?

లింగధారి పూర్వకులమును అడుగరాదని శరణులు విధించిరి. నవదీక్షితుని పూర్వస్థితిని ఎత్తరాదని యూదగురువులు విధించిరి. ఈ పత్రిక చివరిపుటలలోని వధూవరుల ప్రకటనలలో పేరు, వయస్సు, చదువు, ఉద్యోగముల తరువాత శాఖ యను గడి యొకటి నేటికిని కలదు. దానిని వచ్చు సంచికనుండి తీసివేయుదురా యని సంపాదకవర్గమును అడుగుచున్నాను. ఉంచవలెనను పాఠకులును తమ కారణములను వ్రాయుదురు గాక.